కొండనాలుక చీలి ఉంది, మాట ముక్కులోంచి వస్తోంది: ఎడినాయిడ్స్ తీయించే ముందు ఏమేం చూడాలి?

సిరి_అమ్మ

పాపకి నాలుగున్నరేళ్లు. మాటలు ఆలస్యం కాలేదు, పెద్ద వాక్యాలే చెబుతుంది. కానీ ఇంట్లోవాళ్లకి తప్ప బయటివాళ్లకి సగం కూడా అర్థం కాదు. "బాబు" అంటే "మాము"లా, "దాదా" అంటే "నానా"లా వినిపిస్తుంది. "కాకి"లో "క" రాదు, గొంతులో చిన్న నొక్కు, వెంటనే అచ్చు. "సీసా" అన్నప్పుడు గాలంతా ముక్కులోంచి బుస్సుమంటుంది. పసిబిడ్డగా ఉన్నప్పుడు పాలు ముక్కులోంచి వచ్చేవి, అందరూ పొరమారడమే అన్నారు.

చెవుల్లో నీరు చేరిందని, రాత్రిళ్లు గురక ఉందని ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే గడ్డ) తీయడానికి వచ్చే నెల తేదీ ఇచ్చారు. ఈలోపు పుచ్చుపన్ను కోసం వెళ్తే పళ్ల డాక్టరు కొండనాలుక రెండుగా చీలి ఉందన్నారు. అంగిలి మధ్యలో నీలంగా ఒక చార కూడా ఉంది, "సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ కావచ్చు, చూపించండి" అని రాసిచ్చారు.

ఇదే మాటకి కారణమా? ఎడినాయిడ్ ఆపరేషన్ చేయించవచ్చా? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పలుకుబడి (స్పీచ్ థెరపిస్ట్)

సిరి అమ్మగారూ, ముందు ఆ ఎడినాయిడ్ ఆపరేషన్‌ని వాయిదా వేయమని అడగండి. రద్దు చేయమని కాదు. అంగిలిని బాగా తెలిసినవాళ్లు చూసేదాకా ఆగమని మాత్రమే. మిగతాదంతా తాపీగా చేసుకోవచ్చు, ఇది మాత్రం ఈ వారమే చెప్పండి.

మీరు రాసినవన్నీ ఒకే చోటికి వస్తున్నాయి: ముక్కులోంచి పాలు, చీలిన కొండనాలుక, చెవిలో నీరు, బ-ద లు మ-న లుగా మారడం, "క" బదులు గొంతు నొక్కు.

అంగిలి ముందు భాగం ఎముక, వెనక భాగం మెత్తటి కండ. తెలుగులో మ, న, ణ, సున్నా తప్ప మిగతా ఏ హల్లు పలకాలన్నా ఆ మెత్తటి అంగిలి పైకి లేచి, గొంతు వెనక గోడకి ఆని, ముక్కు దారిని తలుపు వేసినట్టు మూసేయాలి. అప్పుడే నోట్లో గాలి ఒత్తిడి నిలుస్తుంది. ప, బ, త, ద, ట, డ, క, గ, చ, జ, స అన్నీ ఆ ఒత్తిడి మీద పుట్టే అక్షరాలే. అంగిలిని లేపే కండరం కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి వచ్చి మధ్యలో కలవాలి. సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్‌లో పైపొర అతుక్కునే ఉంటుంది కానీ దాని కింద కండరం మధ్యలో కలవదు. రెండు పాయలుగా ముందుకు సాగి ఎముక అంచుకి అతుక్కుంటుంది. అందుకే అది ఎంత బిగిసినా అంగిలి సరిగా లేవదు. నోరు తెరిచి మామూలుగా చూసేవాళ్లకి రంధ్రం ఏదీ కనబడదు కాబట్టి ఏళ్ల తరబడి తప్పిపోతుంది.

ఇక "క" బదులు గొంతు నొక్కు. నోట్లో ఒత్తిడి నిలవదని తెలిసిన పిల్లలు, గాలి ముక్కులోకి జారిపోకముందే, ఇంకా కింద స్వరపేటిక దగ్గరే దాన్ని ఆపి వదలడం నేర్చుకుంటారు. బద్ధకమో మొండితనమో కాదు, ఉన్న పరికరంతో పాప కనిపెట్టుకున్న దారి అది. కాకపోతే అదే అలవాటైపోతుంది. అంగిలి బాగుచేశాక కూడా దానంతట అది పోదు.

రాయలసీమ_ఈఎన్‌టీ

పైన చెప్పిన వాయిదా మాటని బలపరుస్తున్నాను. కారణం కూడా చెబుతాను, మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఎడినాయిడ్ ఉండేది ముక్కు వెనక, గొంతు పైభాగంలో. చిన్నపిల్లల్లో అంగిలి పైకి లేచి ఆనేది సరిగ్గా ఆ గడ్డ మీదే. అంగిలి పొట్టిగా ఉన్నా, బలహీనంగా ఉన్నా, ఎడినాయిడ్ ఉబ్బెత్తుగా ఉండటం వల్ల కొంతైనా మూసుకుంటుంది. దాన్ని మొత్తం గీకేస్తే అంగిలి ఆనాల్సిన చోటు వెనక్కి జరిగిపోతుంది. అంగిలి మామూలుగా ఉన్న పిల్లల్లో కూడా ఎడినాయిడ్స్ తీశాక కొన్ని వారాలు మాట ముక్కుగా వస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ ఉన్న పిల్లల్లో అది సర్దుకోకుండా శాశ్వతంగా ఉండిపోవచ్చు. అంతవరకు ఓ మోస్తరుగా ఉన్న మాట ఆపరేషన్ మర్నాటి నుంచి ఎవరికీ అర్థం కాకుండా పోవడం ఈ కారణంగానే.

నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే ఏదో ఒకటి చేయక తప్పదు. అప్పుడు పైభాగం మాత్రమే తీసి, అంగిలి ఆనే కింది అంచుని వదిలేసే పద్ధతి ఉంది, పాక్షిక ఎడినాయిడెక్టమీ అంటాం. అది ముందే అనుకుని, ఫైలు మీద రాసుకుని చేయాల్సిన పని. గురక మాత్రమే ఉందా, ఊపిరి మధ్యలో ఆగుతోందా అన్నది తేల్చుకోండి. పాప నిద్రపోతున్నప్పుడు ఛాతీ కదలిక, శబ్దం రెండూ తెలిసేలా నాలుగైదు నిమిషాలు వీడియో తీసి చూపించండి. అవసరమైతే స్లీప్ స్టడీ రాస్తారు.

చెవిలో నీటికి గ్రోమెట్లు (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు) వేయాల్సి వస్తే ఎడినాయిడ్స్ ముట్టుకోకుండా అవి మాత్రమే వేయవచ్చు.

డాక్టరుని అడగాల్సింది: "అంగిలి వెనక అంచుని వేలితో తడిమి చూశారా?" 1954లో కాల్నాన్ అనే సర్జన్ చెప్పిన మూడు గుర్తులనే నేటికీ చూస్తాం: చీలిన కొండనాలుక, అంగిలి మధ్యలో వెలుతురు పారేంత పలచని నీలపు చార, గట్టి అంగిలి వెనక అంచులో నొక్కు. ఆ అంచు మామూలుగా వెనక్కి కాస్త మొనదేలి ఉండాలి. దాని చోట గుంట తగిలితే అనుమానం బలపడినట్టే. ఇంట్లో వేలు పెట్టి చూడకండి, పాప వాంతి చేసుకుంటుంది, మళ్లీ ఎవరికీ నోరు తెరవదు.

ముత్యాలమ్మ_నెల్లూరు

తల్లీ, నాలుక కింద దారం ఉందేమో చూశారా? మా వైపు మాట తేడాగా ఉంటే ముందు అదే కోయిస్తారు. వసకొమ్ము అరగదీసి నాలుకకి రాయడం కూడా ఉంది. ఆపరేషన్ దాకా ఎందుకా అని.

పలుకుబడి

అమ్మా, ఈ ప్రశ్న వచ్చినందుకు మంచిదే, చాలామంది మనసులో ఉండేదే ఇది.

నాలుక కింద దారం బిగువుగా ఉంటే పసిబిడ్డకి చనుబాలు పట్టుకోవడం కష్టం కావచ్చు. పెద్దయ్యాక ల, ళ, ర లాంటివి, అంటే నాలుక కొన పైకి లేవాల్సినవి కొంత తేడా పడవచ్చు. ప, బ, మ పెదవులతో పలికేవి, నాలుకతో వాటికి పనేలేదు. ఈ పాపకి "బ" పోయి "మ" వస్తోంది, కాబట్టి చిక్కు నాలుకలో లేదు. మాట ముక్కులోంచి రావడానికి నాలుక దారం ఎప్పటికీ కారణం కాదు. అది కోయిస్తే ఒక గాయం, కొన్ని నెలల ఆలస్యం తప్ప వచ్చేదేమీ లేదు.

వస గురించి: అది విడిపోయిన కండరాన్ని కలపలేదు. పసిపిల్లలకి ఎక్కువైతే వాంతులు, మత్తు వస్తాయి. దయచేసి వద్దు.

కరీంనగర్_నాన్న

ఇంట్ల చూసుకునే పద్ధతులు ఎవరన్నా వివరంగ రాయుండ్రి. మా దిక్కు క్లెఫ్ట్ టీం (అంగిలి చీలిక సూసే డాక్టర్ల బృందం) దగ్గర్ల లేదు, పోయేముందే కొంత తెలుసుకుంటే డాక్టరుకు సక్కగ చెప్పొచ్చు.

పలుకుబడి

ఇవి రోగనిర్ధారణ కాదు, సరైన తలుపు తట్టడానికి మాత్రమే.

కళ్లతో చూడటం. పాపని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం వెనక్కి వాల్చండి, ఫోను టార్చి వేయండి. చెంచాతో నాలుకని నొక్కొద్దు. "ఆ" అని పొడుగ్గా అనమనండి. కొండనాలుక ఒకటే కొనతో ఉందా, కొన దగ్గర నొక్కు పడి రెండుగా ఉందా? అంగిలి లేచేటప్పుడు మధ్యలో గుండ్రంగా లేస్తోందా, తలకిందుల ఇంగ్లీషు "V" ఆకారంలో ముడుచుకుంటోందా? ఒక్క చీలిన కొండనాలుక చూసి కంగారు పడొద్దు. అది నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది మాట శుభ్రంగా ఉంటుంది. సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ ఉన్నవాళ్లలోనూ మాట బాగానే ఉంటే ఆపరేషన్ అక్కర్లేదు. పైగా ఇంకో రకం ఉంది, నోట్లో అంతా మామూలుగా కనిపిస్తుంది, కండరం మాత్రం విడిపోయి ఉంటుంది. అందుకే కళ్లకన్నా చెవులకి ఎక్కువ విలువ ఇవ్వాలి.

చెవులతో వినడం. మ, న, ణ, సున్నా లేని మాటలు మాత్రమే వాడాలి. "పాప పాట పాడు", "తాత దోసె తీసుకో", "కాకి గూటికి చేరు", "బాబు టోపీ పెట్టు". అంకెలు చెప్పించేటప్పుడు చాలామంది ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టిస్తారు, కానీ రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, తొమ్మిదిలో ముక్కు అక్షరాలున్నాయి. "ఐదు, ఆరు, ఏడు" అని తిప్పి తిప్పి చెప్పించండి. ఒకసారి ముక్కు వదిలి, ఒకసారి మెల్లగా మూసి. రెండుసార్లూ ఒకేలా వినిపించాలి. మూసినప్పుడు మాట మారిపోతే, "పాప" ఒక్కసారిగా స్పష్టంగా వస్తే, గాలి ముక్కులోకి పోతున్నట్టు.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది, కలిపేయకండి. జలుబు చేసినప్పుడు, ఎడినాయిడ్స్ బాగా పెరిగినప్పుడు "మామ" "బాబ" అవుతుంది, "నాన్న" "దాద్ద" అవుతుంది. ముక్కు మూసుకుపోవడం వల్ల వచ్చేది అది. రెండింటినీ వాడుకలో "ముక్కుతో మాట్లాడతాడు" అనేస్తారు, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. డాక్టరుకి "ముక్కుగా మాట్లాడుతోంది" అని ఆపేయకుండా "బ అంటే మ వస్తోంది" అని చెప్పండి, సగం పని అయిపోతుంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు చెవులతో విని తేల్చడం కష్టం, ముక్కులోంచి గొట్టం పంపి చూసే స్కోప్ కావాలి.

ఆవిరి పరీక్ష. స్టీలు చెంచానో చిన్న అద్దాన్నో ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి. పాప "పాపపాపపాప" అనడం మొదలుపెట్టాక ముక్కు కింద పెట్టండి, ఆపకముందే తీసేయండి. మాటకి ముందూ వెనకా ముక్కుతో ఊపిరి వదలడం మామూలే, అప్పుడు పెడితే ఆవిరి పట్టి మోసపోతాం. జలుబు ఉన్న రోజు చేయొద్దు.

ఫోనులో రికార్డు చేసుకోండి. గదిలో ఫ్యాన్ కట్టేసి, ఫోను మూరెడు దూరంలో పెట్టి, పై వాక్యాలు, తర్వాత రెండు నిమిషాల మామూలు కబుర్లు. ఆస్పత్రిలో పిల్లలు నోరు విప్పరు, ఈ రికార్డే అక్కరకొస్తుంది.

వినికిడి (ఆడియాలజిస్ట్)

చెవుల సంగతి పక్కన పడకూడదని రాస్తున్నాను. అంగిలి కండరాలే మింగినప్పుడల్లా చెవికీ గొంతుకీ మధ్య ఉన్న గొట్టాన్ని తెరుస్తాయి. కండరం అమరిక తప్పితే గొట్టం సరిగా తెరుచుకోదు, కర్ణభేరి వెనక జిగట నీరు చేరుతుంది. అంటే చెవిలో నీరు, ముక్కుమాట రెండు వేరు జబ్బులు కాకపోవచ్చు, మూలం ఒకటే కావచ్చు.

రెండు పరీక్షలు కలిపి చేయించండి. టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) అర నిమిషం పని, గ్రాఫు కొండలా కాకుండా బల్లపరుపుగా వస్తే "టైప్ బి" అని రాస్తారు, నీరు ఉందనడానికి గుర్తు. కానీ ఎంత వినిపిస్తోందో అది చెప్పదు. అందుకు నాలుగున్నరేళ్ల పాపకి ప్లే ఆడియోమెట్రీ చేస్తారు: శబ్దం వినగానే బుట్టలో ఒక దిమ్మె వేయాలి. ముందు రోజు ఇంట్లో ఈ ఆట ఆడించి తీసుకెళ్తే పని త్వరగా అవుతుంది. ఈ నీటివల్ల వినికిడి 20 నుంచి 40 డెసిబెల్స్ దాకా తగ్గవచ్చు. పిలిస్తే పలుకుతుంది, టీవీ చూస్తుంది, కానీ స, శ, చ లాంటి మెత్తని శబ్దాలు, మాట చివరలు జారిపోతాయి.

వినికిడి తగ్గితే అక్షరాలు తేడా పడతాయి. గాలి ముక్కులోకి పోవడం దానివల్ల రాదు. కాబట్టి "చెవులు బాగైతే మాటా బాగవుతుంది" అని ఎవరైనా అంటే ఈ పాప విషయంలో అది సగమే.

మామూలుగా నీరు మూడు నెలలు అలాగే ఉంటే, వినికిడి తగ్గి ఉంటే, గ్రోమెట్ల గురించి ఆలోచిస్తారు. అవి చాలావరకు ఆరు నెలల నుంచి ఏడాదిలో వాటంతట అవే రాలిపోతాయి. రాలాక మళ్లీ నీరు చేరవచ్చు. అంగిలి బాగుచేశాక కూడా ఆరు నెలలకోసారి వినికిడి పరీక్ష ఆపొద్దు.

సిరి_అమ్మ

వాయిదా వేయించాను. డాక్టరుగారు విసుక్కోలేదు, వేలితో తడిమి "నొక్కు ఉంది" అని రాసి, క్లెఫ్ట్ టీంకి రెఫర్ చేశారు. అక్కడ "నేసెండోస్కోపీ" చేస్తామన్నారు. మత్తిచ్చి చేయమని అడగవచ్చా? పాప ముక్కు దగ్గరికి చెయ్యి తెస్తేనే ఏడుస్తుంది.

రాయలసీమ_ఈఎన్‌టీ

మత్తులో చేస్తే ప్రయోజనం లేదు. పాప మాట్లాడుతుండగా అంగిలి ఎంత లేస్తోంది, పక్క గోడలు ఎంత దగ్గరికొస్తున్నాయి, మిగిలిన సందు ఎంత, ఏ ఆకారంలో ఉంది అన్నదే చూడాలి. మెలకువ ఉండాలి, మాట్లాడాలి. ముక్కులో తిమ్మిరి మందు వేసి సన్నని, వంగే గొట్టం పంపుతారు. నాలుగేళ్లు దాటిన పిల్లల్లో చాలామంది ఓపిక పడతారు. ఇంట్లో బొమ్మ ముక్కులో మెత్తటి తాడు పెట్టి "డాక్టరు ఆట" ఆడించండి, చెప్పాల్సిన వాక్యాలు నాలుగు బాగా నోటికి వచ్చేలా చేయండి. కుదరకపోతే వీడియో ఎక్స్‌రే ఉంది, పక్క నుంచి తీస్తారు. ఆర్నెల్లు ఆగి మళ్లీ ప్రయత్నించడం కూడా తప్పు కాదు.

ఇంకొకటి, దీన్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ ఒంటరిగానే ఉండవచ్చు, చాలామందిలో అంతే. కొందరిలో మాత్రం 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించడం, అంటే 22క్యూ11.2 డిలీషన్, దీని వెనక ఉంటుంది. గుండెలో పుట్టుకతో లోపం, తరచూ ఇన్ఫెక్షన్లు, రక్తంలో కాల్షియం తక్కువ, చదువులో నిదానం, సన్నని పొడవాటి వేళ్లు... వీటిలో ఏదైనా ఉంటే జెనెటిక్స్ డాక్టరుని కలవండి. ఫిష్, ఎంఎల్‌పీఏ, మైక్రోఅర్రే అనే జన్యు పరీక్షల్లో ఏదో ఒకటి రాస్తారు. ఆపరేషన్‌కి ముందే తెలియడం ఎందుకంటే, ఈ పిల్లల్లో మెడలోని పెద్ద రక్తనాళాలు గొంతు వెనక గోడ మధ్యకి జరిగి ఉండవచ్చు. కాల్షియం పడిపోతే ఫిట్స్ రావచ్చు. సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ ఈ రెండూ తెలిసి తీరాలి.

పలుకుబడి

స్కోప్‌కి ముందు ఒక మెలిక. పాప "కాకి"ని గొంతు నొక్కుతో పలుకుతున్నంతసేపు అంగిలి మూసుకోవాలని ప్రయత్నించదు, ఎందుకంటే గాలి కిందే ఆగిపోయింది. ఆ మాటలతో స్కోప్ చేస్తే సందు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది, అవసరానికి మించిన ఆపరేషన్ రాసే ప్రమాదం ఉంది. అందుకే వీలైతే స్కోప్‌కి ముందే కొన్ని వారాలు థెరపీ చేసి, కనీసం "ప", "త" సరైన చోట పెట్టి పలకడం నేర్పి పంపుతాం. గాలి ముక్కులోకి పోయినా పర్లేదు, పెదవులు మూసి "ప" పెడితే చాలు.

తోరణం (క్లెఫ్ట్ వార్డులో నర్సు)

ఆపరేషన్ గురించి, ఆ తర్వాత ఇంటి పని గురించి రాస్తాను.

సబ్‌మ్యూకస్‌కి ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి, ముందుకు సాగి అతుక్కున్న కండరాన్ని విడదీసి, వెనక్కి తిప్పి మధ్యలో కుట్టడం. రెండోది ఫర్లో పద్ధతి: నోటివైపు పొరలో ఒక జెడ్ ఆకారపు కోత, ముక్కువైపు పొరలో దానికి ఎదురు జెడ్ కోత వేసి తిప్పి కుడతారు. కండరం సరైన దిక్కుకి వస్తుంది, అంగిలి పొడవూ పెరుగుతుంది. 1986లో ప్రచురించిన పద్ధతి, ఇప్పుడు అన్నిచోట్లా వాడుకలో ఉంది. సందు పెద్దగా ఉంటే, లేదా ఇవి చాలకపోతే, గొంతు వెనక గోడ నుంచి కొంత కండని తెచ్చి అంగిలికి కలిపే ఫారింజియల్ ఫ్లాప్ చేస్తారు. దానివల్ల ఊపిరి దారి ఇరుకై గురక, నిద్రలో ఊపిరి ఆగడం రావచ్చు, కాబట్టి మొదటి ఎంపికగా దీన్నే చెబితే ఎందుకో అడగండి.

ఆపరేషన్‌కి ముందు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి, వాయిదా వేస్తారు. గట్టి ఆహారం, పాలు ఆరు గంటల ముందు ఆపాలి, నీళ్లు రెండు గంటల ముందు. "పాపం ఆకలేస్తోంది" అని నానమ్మ చాటుగా బిస్కెట్ పెట్టినా మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు నమిలే పని లేని తిండి: రాగిజావ, బాగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం, పాలల్లో నానబెట్టిన ఇడ్లీ, మెత్తని ఉప్మా. వేడిగా వద్దు. గ్లాసుతో తాగించండి, స్ట్రా వద్దు. పీల్చేటప్పుడు కుట్ల మీద లాగుడు పడుతుంది. చెంచా పెదవి దాటి లోపలికి పోకూడదు. జంతికలు, పల్లీలు, చిప్స్, అప్పడాలు ఇంట్లో కనబడకుండా పెట్టండి. తిన్న ప్రతిసారీ రెండు గుక్కల నీళ్లు తాగించాలి. పెన్సిలు, బ్రష్షు నోట్లో పెట్టుకునే పిల్లలైతే దగ్గరుండి చూడాలి. కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి.

మొదటి కొన్ని రాత్రులు వాపు వల్ల గురక ఎక్కువవుతుంది, తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. లాలాజలంలో గులాబీరంగు చారలు పర్లేదు. ఎర్రటి రక్తం కారుతుంటే, పాప మాటిమాటికీ మింగుతుంటే, ఊపిరికి ఇబ్బంది పడుతుంటే, నీళ్లు కూడా తాగకపోతే వెంటనే ఆస్పత్రికి. కొన్ని వారాల తర్వాత తాగినవి ముక్కులోంచి వస్తుంటే కుట్టు విడి చిన్న రంధ్రం పడిందేమో చూపించండి.

కరీంనగర్_నాన్న

ఖర్చు సంగతి? ఆరోగ్యశ్రీల వస్తదా?

తోరణం

అంగిలి చీలిక ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ కింద ఉన్నాయి. ఆంధ్రాలో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. "సబ్‌మ్యూకస్ క్లెఫ్ట్ పాలెట్" అని రోగం పేరు స్పష్టంగా రాసి ఉండాలి. "ముక్కుమాట" అనో "మాట లోపం" అనో రాస్తే అనుమతి దగ్గర ఆగిపోవచ్చు. స్మైల్ ట్రెయిన్ అనే స్వచ్ఛంద సంస్థ‌తో కలిసి పనిచేసే ఆస్పత్రుల్లో ఆపరేషన్ ఉచితం, కొన్నిచోట్ల స్పీచ్ థెరపీ కూడా.

ఇంకో దారి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. అంగన్‌వాడీకీ సర్కారు బడికీ వచ్చే డాక్టర్ల బృందం అదే. వాళ్లు చూడాల్సిన లోపాల జాబితాలో అంగిలి చీలిక ఉంది, కానీ ఈ రకం పైకి కనబడదు కాబట్టి మీరే "కొండనాలుక చూడండి" అని చెప్పాలి. వాళ్లు జిల్లా కేంద్రంలో ఉండే డీఈఐసీకి (పిల్లల లోపాలు ముందుగా పట్టి చూసే కేంద్రం) పంపుతారు.

డల్లాస్_తెలుగు

అమెరికాలో ఉన్న మనవాళ్లకి రెండు మాటలు. బడిలోని స్పీచ్ టీచరు ఒక్కరితో ఇది తేలదు, క్లెఫ్ట్ అండ్ క్రేనియోఫేషియల్ టీం ఉన్న పిల్లల ఆస్పత్రికి రెఫరల్ అడగండి. రెండోది, ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే మాట ముద్దగా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండు భాషలు అంగిలిని బలహీనపరచవు. పరీక్షకి వెళ్లేటప్పుడు పలుకుబడి గారు పైన రాసిన తెలుగు వాక్యాలు ముద్రించి తీసుకెళ్లండి. పాపకి బాగా వచ్చిన భాషలో వింటేనే నిజం తెలుస్తుంది.

సిరి_అమ్మ

అందరికీ నమస్కారం. ఆపరేషన్‌కి పిలిచేలోపు ఇంట్లో ఏం చేయించాలి? బూరలు ఊదించమని, బెలూన్లు, పిల్లనగ్రోవి అని చాలామంది చెబుతున్నారు.

పలుకుబడి

ఊదుడు ఆటలు ఆడుకోనివ్వండి, వైద్యం అనుకోకండి. ఊదేటప్పుడు అంగిలి కదిలే తీరు వేరు, మాట్లాడేటప్పుడు వేరు. బెలూన్ ఊదడం ఎంత బాగా వచ్చినా "ప" బాగుపడదు. విడిపోయి అతుక్కున్న కండరాన్ని కసరత్తు కలపలేదు. వంద విజిళ్లు ఊదించిన సమయంలో ఇరవైసార్లు సరైన "ప" చెప్పిస్తే అదే లాభం.

గొంతు నొక్కు మానిపించడానికి మన భాషలో మంచి సాయం ఉంది: వత్తు అక్షరాలు. గొంతు బిగించి ఉంటే "హ" రాదు, "హ" వస్తుంటే గొంతు తెరుచుకున్నట్టే. అందుకని "ప" బదులు "ఫ"తో, అంటే పెదవులు రెండూ కలిపి పలికే అసలైన "ఫ"తో మొదలుపెట్టాలి. కింది పెదవిని పళ్లకి ఆనించే ఇంగ్లీషు తీరు "ఫ" కాదు. ముందు గుసగుసగా "హాఆ" అనిపించండి. ఆ గాలి పోతుండగానే పెదవులు మెల్లగా మూసి తెరవమనండి. "హాఫా" అవుతుంది. పెదవుల ముందు సన్నని కాగితం ముక్క పట్టుకోండి, కదలాలి. కదలకపోతే గాలి ముక్కులోకో గొంతులోకో పోయింది. ఒకసారి ముక్కు మూసి, ఒకసారి వదిలి చేయించండి. నోట్లో గాలి నిండితే ఎలా ఉంటుందో పాపకి మొదట తెలిసేది ముక్కు మూసినప్పుడే. గుసగుసలో పదికి ఎనిమిది తొమ్మిది సరిగా వచ్చాక గొంతు కలపండి: ఫా, ఫీ, ఫూ. తర్వాత హ తగ్గిస్తూ పా, పీ, పూ. ఆ తర్వాతే పాప, పూరీ, చేప, టోపీ.

"క"ని ఆఖరికి పెట్టుకోండి, కళ్లకి కనబడదు కాబట్టి కష్టం. "సింగం", "అంగడి" లాంటి మాటల్లో సున్నా దగ్గర నాలుక వెనక భాగం ఉండే చోటే "గ"ది కూడా. అక్కడ సాగదీసి ఆపి, ముక్కు మూసి వదలమంటే "గ" వస్తుంది, దాన్నుంచి "క". "స"కి ముక్కు మూసి గుసగుసగా "త్" అనిపించి, పళ్లు దగ్గర పెట్టి దాన్నే పొడిగించండి: "త్‌స్స్".

రోజుకి మూడుసార్లు ఐదేసి నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు తప్ప మిగతా రోజంతా పాప మాటని దిద్దకండి, చెప్పేది వినండి. "గట్టిగా చెప్పు" అని అసలు అనొద్దు. గట్టిగా అనబోతే పాప చేయగలిగేది గొంతు ఇంకా బిగించడమే, బొంగురు కూడా తోడవుతుంది. బడిలో టీచరుకి కూడా ఇదే చెప్పండి.

థెరపిస్టుని వెతికేటప్పుడు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు సంఖ్య అడగండి, క్లెఫ్ట్ పిల్లలతో పని చేశారా అనీ అడగండి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో ఇలాంటి పిల్లలకి ప్రత్యేక విభాగమే ఉంది. దూరమైతే ఒకసారి వెళ్లి పరీక్ష చేయించుకుని, పని పట్టిక రాయించుకుని, దగ్గర్లోని థెరపిస్టుతో సాగించవచ్చు.

ఆపరేషన్ అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలకి థెరపీ మళ్లీ మొదలవుతుంది. ముక్కుమాట తగ్గిందా అని మొదటి నెలలోనే తీర్పు చెప్పకండి, వాపు దిగి, మచ్చ మెత్తబడి, పాప కొత్త అంగిలిని వాడటం నేర్చుకోవాలి. ఇప్పుడు తీసుకున్న రికార్డు వాక్యాలనే మూడు నెలలకి, ఆరు నెలలకి మళ్లీ తీయండి. ఆరు నెలలకి కూడా "ఐదు, ఆరు, ఏడు"లో గాలి ముక్కులోకి పోతుంటే మళ్లీ స్కోప్ అడగాలి. అక్షరాలు తప్పు చోట పలుకుతూ గాలి మాత్రం పోకపోతే అది థెరపీ పని, ఇంకో ఆపరేషన్ పని కాదు.

సిరి_అమ్మ

రికార్డు రాత్రే తీశాను, తాత దోసె వాక్యంలో గాలి ఎక్కువగా పోతోంది. ఒక్క సందేహం: గ్రోమెట్లు, అంగిలి ఆపరేషన్ ఒకే మత్తులో చేయించవచ్చా?

రాయలసీమ_ఈఎన్‌టీ

చేయించవచ్చు, చాలా టీంలు అలాగే చేస్తాయి. ముందే చెప్పాలి, ఈఎన్‌టీ సర్జన్, అంగిలి సర్జన్ ఇద్దరూ ఆ రోజు ఉండేలా చూసుకోవాలి. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు టింపనోమెట్రీ మళ్లీ చేయించండి, నీరు దానంతటదే పోయి ఉంటే గ్రోమెట్లు అక్కర్లేదు. రిఫరల్ కాగితం మీద "ఎడినాయిడ్స్ తీయలేదు, అంగిలి చూసేదాకా తీయకూడదు" అన్న వాక్యం ఉండేలా చూసుకోండి. ఆ కాగితం పాప ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి.